చీటీ లేకపోతే గోలీ ఇవ్వని షాపు: నయీంనగర్ మెడికల్ గురించి నాలుగు మాటలు

హనుమకొండలో రెగ్యులర్‌గా మందులు వాడేవాళ్లకు చెప్పాల్సిన మెడికల్ షాపు ఒకటుంది. నయీంనగర్ మెయిన్ రోడ్డు మీద కాదు, లోపలి గల్లీలో. పేరు మాత్రం రాయను, ఓనరు వద్దన్నాడు. "పేరు పెడితే మెచ్చుకునేటోళ్ల కన్నా కొట్లాటకొచ్చేటోళ్లే ఎక్కువైతరు సార్" అన్నాడు. అదీ నిజమే. గల్లీలో ఈ షాపుకు "ఇయ్యనోడు" అని పేరు పడింది. చీటీ లేకపోతే ఇయ్యడు, పాత చీటీకి ఇయ్యడు, రాసిన మందు లేకపోతే దాని బదులు ఇంకోటి ఇయ్యడు. నేను ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నది కూడా అందుకే.

నేను మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్‌గా చేసి రిటైరయ్యాను. పాత వరంగల్ జిల్లాలో నేను ఎక్కని మెడికల్ షాపు మెట్టు తక్కువ. అప్పుడు కౌంటర్‌కు లోపలి వైపు నిలబడి ఆర్డర్లు రాసుకున్నవాణ్ని, ఇప్పుడు షుగర్, బీపీ పుణ్యమా అని బయటి వైపు నిలబడి చీటీ చాపుతున్నాను. ఏ షాపుకు పోయినా నా కళ్లు ముందు గోడ మీదికి, తర్వాత ఫ్రిజ్ మీదికి పోతాయి.

ఇక్కడ గోడ మీద లైసెన్సులు కనిపించేటట్టు ఉన్నాయి. ఫారం 20 ఒకటి, ఫారం 21 ఒకటి. మామూలు మందులకు మొదటిది, ఇన్సులిన్, టీకాల వంటివి అమ్మాలంటే రెండోది. జనం చదవగలిగే చోట పెట్టాలన్నది లైసెన్సు షరతే. చాలాచోట్ల దాని మీద డైపర్ల పోస్టరో, దేవుడి క్యాలెండరో వేలాడుతుంది. చట్టం కేంద్రానిది, 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 నాటి రూల్సు. లైసెన్సు ఇచ్చేది, తనిఖీ చేసేది, తప్పు చేస్తే సస్పెండ్ చేసేది మాత్రం రాష్ట్రం. మన దగ్గర తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్, ఆంధ్రలో వాళ్లది వాళ్లకుంది. అందుకే పుస్తకం ఒకటే అయినా రాష్ట్రం రాష్ట్రానికీ కౌంటర్ మీద పద్ధతి మారుతుంది. కేరళ 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ అని పెట్టి, చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపుల వెంట పడింది. ఆ రూలు మనకూ ఉంది. పట్టించుకునే షాపులను మాత్రం వెతుక్కోవాలి.

లైసెన్సుల పక్కనే ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అందులోని ఫొటో, కౌంటర్ వెనక తెల్లకోటు వేసుకున్న మనిషి ఒకరే కావడం నాకు నిజంగా సంతోషం కలిగించిన విషయం. మా లైన్‌లో అందరికీ తెలిసిందే, సర్టిఫికెట్ ఒకరిది, అమ్మేది పదో తరగతి పిల్లగాడు. సర్టిఫికెట్‌కు నెలనెలా అద్దె పోతుంది, మనిషి ఎక్కడో వేరే ఉద్యోగంలో ఉంటాడు. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టర్ రాసిన మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదే. ఇక్కడ ఓనరు ఫార్మసిస్టు కాదు. జీతానికి పెట్టుకున్న మేడమ్ ఉంది, కోటుకు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బ్యాడ్జి పెట్టుకుంటుంది. ఓనరు బిల్లు కొడతాడు, ఆమె చీటీ చూసి మందు తీస్తుంది. ఆయన పొరపాటున కూడా స్ట్రిప్ మీద చెయ్యి వెయ్యడు.

మొన్న నేనుండగానే ఒకాయన వచ్చాడు. ముక్కు కారుతోంది, మెడకు తువ్వాల.

"అమ్మా, టాక్సిమ్ రెండొందలు ఒక అయిదు గోలీలియ్యి."

"చీటి ఉందా కాకా?"

"గింత సర్దికి చీటేంది? మూల మీది షాపుల అడుగుతె ఇస్తరు."

"ఇస్తరేమో కాకా, నేనియ్యరాదు. అది హెచ్1 మందు. సర్దికి అది పనిచెయ్యది గూడ. జరముందా?"

జ్వరం లేదు. ఆవిరి పట్టమని, ఉప్పునీళ్లు పుక్కిలించమని, మూడు రోజులకు తగ్గకపోతే దవాఖానలో చూపించుకొమ్మని చెప్పి పంపింది. పైసా బేరం లేదు. ఆయన గొణుక్కుంటూ మూల మీది షాపు వైపే నడిచాడనుకోండి. అక్కడ ఇచ్చే ఉంటారు. నాకూ ఓ షాపులో అడగ్గానే అవే గోలీలు కత్తిరించి, కాగితం ముక్కలో చుట్టి, బిల్లు లేకుండా చేతిలో పెట్టిన అనుభవం ఉంది. ఆ ముక్క మీద బ్యాచ్ నంబరూ లేదు, ఎక్స్‌పైరీ తేదీ కూడా లేదు.

హెచ్1 షెడ్యూలు అంటే చీటీ చూసి, లెక్క రాసుకొని మాత్రమే అమ్మాల్సిన మందుల జాబితా, 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. సెఫిక్సిమ్ (ఆ కాకా అడిగిన టాక్సిమ్ గోలీ ఇదే), లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్, టీబీ మందులు, నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్ప్రాజొలామ్, జోల్పిడెమ్, నొప్పికి వాడే ట్రామడాల్ అందులోవే. వీటిని అమ్మితే వేరే రిజిస్టర్‌లో, చీటీ రాసిన డాక్టర్ పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చారో ఎక్కించాలి. ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. ఇక్కడ అది నల్ల రెక్సిన్ అట్ట పుస్తకం, కౌంటర్ కింది అరలో ఉంటుంది. మా ఆవిడ నిద్ర గోలీలు కొన్నప్పుడల్లా మేడమ్ అందులో రాయడం చూస్తూనే ఉన్నాను. వెనక క్యూలో ఉన్నవాళ్లు నిట్టూరుస్తూనే ఉంటారు. తమాషా ఏమిటంటే, ఊరంతా పప్పుబెల్లాల్లా మింగే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆ మొదటి హెచ్1 జాబితాలో లేదు, మామూలు షెడ్యూల్ హెచ్‌లోనే ఉంది. దానికీ చీటీ ఉండాల్సిందే గానీ రిజిస్టర్ బాధ లేదు. జాబితా రాసినవాళ్లు ఒక్కరోజు మెడికల్ షాపులో కూర్చుంటే బాగుండేది.

ఈ షాపు మీద ఎక్కువమంది చేసే ఫిర్యాదు: "చీటీ ఖరాబు చేస్తరు." మందు ఇచ్చాక డాక్టర్ సంతకం పైన షాపు పేరు, అడ్రసు, తేదీతో స్టాంపు గుద్దుతారు. అదేదో వీళ్ల పైత్యం కాదు, రూల్స్‌లోనే ఉంది. డాక్టర్ మళ్లీ వాడమని రాయకపోతే ఆ చీటీకి రెండోసారి ఇవ్వకూడదన్నదీ అందులోనిదే. స్టాంపు లేని చీటీతో ఒకే రోజు నాలుగు షాపులు తిరిగి నాలుగు స్ట్రిప్పుల ఆల్ప్రాజొలామ్ పోగేసేవాళ్లను నేను సర్వీసులో చూశాను. షుగర్, బీపీ వాళ్లు మాత్రం డాక్టర్‌తో ఎన్ని నెలలకో స్పష్టంగా రాయించుకొని వస్తే గొడవుండదు. నేను అదే చేస్తాను.

ఫ్రిజ్ సంగతి. చాలా షాపుల ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పక్కన నీళ్ల సీసా, పెరుగు డబ్బా, ఓనరు టిఫిన్ ఉంటాయి. నీళ్లకోసం గంటకు నాలుగుసార్లు తలుపు తీస్తే రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు ఎక్కడ నిలబడతాయి? ఇక్కడ లోపల మందులే ఉన్నాయి. పై అరలో థర్మామీటర్, తలుపుకు కాగితం, దాని మీద పొద్దున, సాయంత్రం అంకెలు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. ఎండాకాలం ఇన్సులిన్‌ను జెల్ ప్యాక్‌తో ఇస్తారు. ప్యాక్ తిరిగి తెచ్చివ్వాలి, మర్చిపోతే మేడమ్ గుర్తుచేస్తుంది, కొంచెం గట్టిగానే.

ఎక్స్‌పైరీ అయినవి కింద ఓ అట్టపెట్టెలో, మీద "అమ్మకానికి కాదు" అని రాసి విడిగా పెట్టారు. షార్ట్ ఎక్స్‌పైరీ, అంటే గడువు దగ్గరపడ్డ మందు అంటగట్టే అలవాటు కూడా లేదు. స్ట్రిప్ కత్తిరిస్తే తేదీ ఉన్న ముక్క చివరిదాకా తమ దగ్గరే ఉంచుకుంటారు, మన కవరు మీద బ్యాచ్, తేదీ రాసిస్తారు.

ఇక పోయిన ఆ ఒక్క మార్కు. మధ్యాహ్నం మేడమ్ భోజనానికి పోతే గంటసేపు చీటీ మందులు అమ్మరు. రూలు ప్రకారం ఒప్పే, కాని రెండో ఫార్మసిస్టును పెట్టుకోవచ్చు కదా? పల్లె నుంచి వచ్చి దవాఖానలో చూపించుకున్నవాళ్లు బస్సు టైముకు బయటపడేది సరిగ్గా అప్పుడే. కూర్చోవడానికి స్టూలు కూడా లేదు.

రెండోది, డిస్కౌంటు లేదు. చెయిన్ షాపులు, యాప్‌లు పదిహేను, ఇరవై శాతం తగ్గిస్తున్నాయి, వీళ్లది ఎమ్మార్పీ. దీన్ని నేను మరీ తప్పు పట్టను. ధర నియంత్రణలో ఉన్న మందుల మీద రిటైలర్‌కు లెక్కగట్టేది పదహారు శాతం మార్జిన్. అందులో ఫార్మసిస్టు జీతం, అద్దె, కరెంటు పోను ఎంత మిగులుతుందో బయటివాళ్లకంటే నాకు బాగా తెలుసు. 2025 సెప్టెంబర్ 22న మందుల మీద జీఎస్టీ పన్నెండు నుంచి ఐదుకు దిగినప్పుడు, పాత ధర అచ్చేసి ఉన్న స్ట్రిప్పులకు కూడా తగ్గించే బిల్లు కొట్టారు. అడగక ముందే.

రాసిన మందు బదులు ఇంకో కంపెనీది ఇవ్వకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. షాపును అనడం లేదు, రూలునే అంటున్నాను. చీటీలో ఉన్నదాని స్థానంలో వేరే తయారీ ఇవ్వరాదని ఆ 1945 నాటి రూల్సులోని 65వ రూలు చెబుతుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఐదు వందలు ఏ పేరుతో వచ్చినా మెట్‌ఫార్మినే. రాసిన బ్రాండు ఆ ఏరియాలో దొరకక ముసలామె ఉత్త చేతులతో తిరిగిపోవడం ఈ షాపులోనే చూశాను. మేడమ్ డాక్టర్‌కు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఇలాంటి చోట ఫార్మసిస్టుకు కాస్త స్వేచ్ఛ ఇవ్వాలి. అయితే షాపుకు ఎక్కువ స్కీము, అంటే లాభం వచ్చే ఆఫర్లు, ఇచ్చే కంపెనీ సరుకే అంటగట్టే షాపులు ఎన్నో కూడా చూసినవాణ్ని, కాబట్టి ఆ రూలు ఎందుకు పెట్టారో అర్థం కాలేదని అనలేను.

ఎక్కడైనా బిల్లు ఇవ్వకపోయినా, ఎమ్మార్పీకి మించి గుంజినా డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల టోల్‌ఫ్రీ 1800-599-6969 ఉంది, ఆఫీసు వేళల్లో ఎత్తుతారు. ఈ షాపుకు వెళ్లేవాళ్లు చీటీ ఒరిజినల్ పట్టుకెళ్లండి. వాట్సాప్ ఫొటో పంపితే మందులు తీసి పెడతారు గాని అసలు కాగితం చూడందే చేతికివ్వరు. ఆదివారం మధ్యాహ్నం దాకానే. బండి గల్లీ మొగదలే ఆపుకోండి, లోపల తిరగదు.