శాంపిల్ పెట్టె: నాలుగేళ్ల వాడకం తరువాత

మా చిన్న ల్యాబులో సేకరించిన శాంపిళ్లను పెద్ద ల్యాబుకు పంపడానికి ఈ ఐస్ పెట్టెను నాలుగేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను. కళ్లె, రక్తం, గొంతు స్వాబులు, మలం అన్నీ ఇందులోనే వెళ్లాయి. మూత రబ్బరు వదులయ్యేదాకా చల్లదనం నిలపడంలో దీనికి వంక పెట్టలేకపోయాను. నా అభ్యంతరమల్లా వేరే చోట ఉంది: చల్లగా ఉంటే శాంపిల్ క్షేమంగా ఉన్నట్టేనన్న నమ్మకాన్ని ఈ పెట్టె మనకు అలవాటు చేస్తుంది.

ముందుగా మంచి చెప్పుకోవాలి. అంతకుముందు వాడిన థర్మోకోల్ డబ్బాలో మధ్యాహ్నానికల్లా ఐస్ కరిగిపోయేది. ఇందులో నాలుగు గోడలకూ నాలుగు ఐస్ ప్యాకులు పేర్చి, మధ్యలో ట్యూబుల స్టాండు పెట్టి, మూత తీయకుండా పంపితే, లోపలి ఉష్ణోగ్రతను నమోదు చేసే టెంపరేచర్ లాగర్ సాయంత్రం వరకూ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే చూపించింది. అయితే ఫ్రీజర్ నుంచి తీసిన ప్యాకును తీసినట్టే పెట్టకూడదు. గట్టిగా గడ్డకట్టిన ప్యాకుకు ఆనుకున్న రక్తం కూడా మంచులా గడ్డకట్టి, ఎర్రకణాలు పగిలి, సీరం (రక్తం నుంచి వేరుపడే పసుపురంగు ద్రవం) ఎర్రబడి పరీక్షకు పనికిరాకుండా పోతుంది. ప్యాకును బల్లమీద ఉంచి, పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే నేను పెట్టెలో పేరుస్తాను. ఆ చప్పుడు కోసం ఎదురుచూసే సమయంలో ఫారాలు నింపుకోవడం అలవాటైంది.

కళ్లె శాంపిళ్లకు ఈ చలి నిజంగా మేలు చేసింది. వేడిలో ఆలస్యమైతే నోటిలోనుంచి వచ్చిన ఇతర బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి, నెమ్మదిగా పెరిగే క్షయ బ్యాక్టీరియాను కల్చర్‌లో, అంటే శాంపిల్‌లోని సూక్ష్మజీవులను ల్యాబులో పెంచి చూసే పరీక్షలో, కనపడనీయవు. పెట్టె వచ్చాక కలుషితమైందంటూ తిరిగి వచ్చిన శాంపిళ్లు బాగా తగ్గాయి. వీటీఎం (వైరస్‌లను పరీక్ష దాకా చెడకుండా కాపాడే ద్రవం) ట్యూబుల్లోని స్వాబులకు కూడా ఇదే వర్తిస్తుంది. 2 నుంచి 8 డిగ్రీల దగ్గర ఉంచితే 72 గంటల వరకూ సమయం దొరుకుతుంది.

దెబ్బ తిన్నది వెన్నుద్రవం దగ్గర. మెదడు పొరల వాపు అనుమానంతో ఒక రోగి నుంచి తీసిన ద్రవాన్ని, మిగతా ట్యూబులతో పాటు అలవాటు కొద్దీ నేనే ఐస్ మధ్యలో పెట్టాను. కణాల లెక్క చూస్తే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ లాగే ఉందనీ, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగలేదనీ పెద్ద ల్యాబు నుంచి ఫోను వచ్చింది. అంతకుముందే యాంటీబయాటిక్ పడి ఉండవచ్చు, ఆ కారణాన్ని కొట్టిపారేయలేను. కానీ ఆ వాపుకు కారణమయ్యే మెనింగోకోకస్, హీమోఫిలస్ వంటి బ్యాక్టీరియా చలికి చచ్చిపోతాయని చదువుకున్న నేనే దాన్ని ఐస్‌లో పెట్టానన్నది మాత్రం కాదనలేని విషయం. బ్లడ్ కల్చర్ సీసాలను కూడా గది ఉష్ణోగ్రతలోనే పంపాలి. ఫిల్టర్ కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కలకైతే ఐస్ నుంచి వచ్చే తేమే శత్రువు. వీటికోసం పెట్టెలో విడి అర లేకపోవడాన్ని దీని అతిపెద్ద లోపంగా లెక్కిస్తాను. ఆ ఫోను వచ్చిన మరునాటి నుంచి ఐస్ లేని గుడ్డసంచి ఒకటి అదనంగా పంపడం మొదలుపెట్టాను.

పెట్టెతో వచ్చిన మరమూత డబ్బా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ట్యూబును పీల్చే దూదితో చుట్టి ఈ డబ్బాలో పెట్టి, డబ్బాను పెట్టెలో పెట్టాలి. మూడు పొరల ప్యాకింగ్ అంటే ఇదే. ఒకసారి కళ్లె డబ్బీ మూత మరలు సరిగా కూర్చోక అంతా కారిపోయినా, బయటికి చుక్క రాలేదు, తీసుకెళ్లిన కుర్రవాడి చేతికి తడి అంటలేదు. అయితే ఆ రోజు ఫారాన్ని కూడా నేను అదే డబ్బాలో దోపాను. తడిసిన ఫారం మీద పేరు చదవలేక ఆ రోగిని మళ్లీ పిలిపించవలసి వచ్చింది. ఇప్పుడు ఫారం డబ్బాకూ పెట్టెకూ మధ్య, ప్లాస్టిక్ కవరులో ఉంటుంది. ట్యూబు మీద పేరు, తేదీతో పాటు శాంపిల్ తీసిన గంట కూడా రాస్తున్నాను.

చిన్న ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. మూడో ఏడు మూత అంచున ఉన్న రబ్బరు వదులై, లాగర్ మధ్యాహ్నానికే 8 దాటడం మొదలైంది. బ్లీచింగ్ ద్రావణంతో తుడిచాక మంచినీళ్లతో మళ్లీ తుడవకపోవడం వల్ల గొళ్లెం తుప్పు పట్టింది, ఆ తప్పు నాదే. లోపల రోగుల శాంపిళ్లు ఉన్నాయని తెలిపే యూఎన్ 3373 లేబుల్ చెమ్మకు ఊడిపోతుంది. నిండా ఐస్‌తో బండి మీద మోయడానికి కొంచెం బరువే.

ఈ మధ్య కొత్తది కొనవలసి వచ్చినప్పుడు, లోపల అడ్డుగోడతో విడి అర ఉన్న రకమే అడిగాను, అది ఇంకా రావలసి ఉంది. రబ్బరు వదులైన పాతది ఇక చల్లదనానికి పనికిరాదు. దాని మూత మీద ‘ఐస్ పెట్టవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాసి, గుడ్డసంచికి బదులుగా వెన్నుద్రవానికీ బ్లడ్ కల్చర్ సీసాలకూ వాడుతున్నాను.