9.9 కిరోసిన్ ఔట్‌బోర్డ్: ఏళ్లు వాడాక, వేడి మీద మొరాయించే జబ్బు గురించి

తెప్ప వెనక తగిలించి, తాడు లాగి స్టార్ట్ చేసే రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ 9.9 హెచ్‌పీ కిరోసిన్ ఇంజను గురించి ఈ సమీక్ష. ఫైబర్ తెప్పకు ఇంత మొండి ఇంజను మరొకటి లేదన్నది నా అభిప్రాయం. ఉప్పుకీ ఇసుకకీ తట్టుకుంటుంది, నాలుగు స్పానర్లతో ఒడ్డునే విప్పి బిగించుకోవచ్చు. పెద్ద లోపం ఒక్కటే. తెల్లవారుజామున రెండు లాగులకే అందుకున్నది, వల తీయడానికి ఆపి పావుగంట తర్వాత లాగితే పలకదు. కాకినాడ దగ్గరి ఉప్పాడ లాంటి చోట కెరటాలు విరిగే వరస దాటి ఒడ్డుకు రావాలంటే ఇంజను చేతిలో ఉండాలి, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ ఇంజను పెట్రోలు మీద స్టార్టయి, వేడెక్కాక కిరోసిన్‌కి మారుతుంది. అందుకే దీనికి రెండు రకాల జబ్బులుంటాయి, ఒకదాని మందు మరొకదానికి విషం. కిరోసిన్ మీద నడుస్తుండగానే ఆపేస్తే కార్బురేటర్ కింద ఇంధనం నిలిచే ఫ్లోటు గిన్నెలో కిరోసినే మిగులుతుంది. ఆపిన వెంటనే లాగితే ఆ వేడికి అందుకోవచ్చు. పావుగంట గడిస్తే పిస్టన్ల కింది క్రాంకు గదిలోని కిరోసిన్ ఆవిరి చల్లబడి తడిగా మారి, ప్లగ్గుల మీద జిడ్డులా పట్టేస్తుంది. ఇక పెట్రోలుకి మార్చి ఆపితే గిన్నెలో పెట్రోలుంటుంది. ఇంజను ఆగగానే చల్లబరిచే నీరు కూడా ఆగిపోతుంది, బ్లాకులో నిలిచిన వేడి కార్బురేటర్‌కి పాకుతుంది. గిన్నెలో పెట్రోలు మరిగి సగం ఎగిరిపోతుంది, సగం లోపలికి పొంగుతుంది.

ఏది జరిగిందో ప్లగ్గే చెబుతుంది. విప్పి చూడండి. నల్లగా జిడ్డుగా కిరోసిన్ వాసనతో ఉంటే మొదటిది. తడిగా ఉండి పెట్రోలు వాసన ఘాటుగా కొడితే పొంగింది. పొడిగా ఉంటే గిన్నె ఖాళీ.

కిరోసిన్ తడి అయితే గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదిలి ఉన్నదంతా ఒక డబ్బాలోకి దించండి. ప్లగ్గులు తుడిచి బిగించి, ఇంధనం మార్చే కాక్ పెట్రోలు వైపు తిప్పి, గిన్నె నిండాక లాగండి. ఈ తిప్పలే రాకూడదంటే ఆపడానికి రెండు మూడు నిమిషాల ముందే పెట్రోలుకి మార్చాలి. కాక్ తిప్పి వెంటనే ఆపితే లాభం లేదు, గిన్నెలోని కిరోసిన్ కాలిపోవడానికి అంత సమయం కావాలి.

పెట్రోలు పొంగినప్పుడు, గాలిని తగ్గించే చోక్ ముట్టుకోవద్దు. వేడి ఇంజనుకి చోక్ లాగడమే ఈ జబ్బుని ముదరబెట్టే అలవాటు. చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, థ్రాటిల్ ఇంజను ఒప్పుకున్నంత మేర తెరిచి నాలుగైదు సార్లు లాగండి. అందుకోగానే థ్రాటిల్ తగ్గించండి. గిన్నె ఖాళీ అయితే మాత్రం ఇంధనం పైపు మీది రబ్బరు బల్బు గట్టిపడేదాకా నొక్కి లాగాలి. తడి ఇంజనుకి బల్బు నొక్కితే ఇంకా మునుగుతుంది.

ట్యాంకు మూత మీద గాలి స్క్రూని ఎవరూ పట్టించుకోరు. నడుస్తున్నప్పుడు అది బిగించి ఉంటే ట్యాంకులో గాలి తగ్గి బల్బు చప్పబడుతుంది, ఇంజను ఆకలితో ఆగుతుంది. ఆపి ఎండలో వదిలినప్పుడు బిగించి ఉంటే లోపలి ఒత్తిడి పెరిగి, గిన్నె దారి మూసే నీడిల్ వాల్వుని తోసుకుని పెట్రోలు దానంతటదే గిన్నెలోకి పొర్లుతుంది. నడిచేటప్పుడు స్క్రూ వదలాలి. ఆపాక పైపుని ఇంజను దగ్గర ఊడదీయాలి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగుతాయి, మనం కలిపిన ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. పైపు పీల్చేది అడుగు నుంచే. అంటే స్టార్ట్ కాకపోవడం ఒక్కటే కాదు, ఆయిల్ అందక పిస్టన్ పట్టేసే ప్రమాదమూ ఉంది. పెట్రోలు డబ్బా చిన్నది పెట్టుకుని ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోండి. ఆయిల్ ఔట్‌బోర్డ్‌ల కోసం చేసే టీసీ-డబ్ల్యూ3 రకమే వాడండి. మోటారు సైకిళ్ల టూటీ ఆయిల్ ప్లగ్గుల మీద బూడిద కడుతుంది.

ఇంధనం సరిగా ఉండీ అందుకోకపోతే అప్పుడు కరెంటు చూడాలి, అదీ వేడి మీదే. ఒడ్డుకొచ్చి చల్లారాక చూస్తే మెకానిక్కుకి అన్నీ బాగానే కనిపిస్తాయి, అనవసరంగా కార్బురేటర్ విప్పుతాడు. ఇంధనం పైపు తీసేసి, చిందింది తుడిచి, ప్లగ్గు రంధ్రాలకు దూరంగా స్పార్క్ టెస్టర్ పెట్టి లాగండి. రెండో ప్లగ్గు క్యాపుని కూడా ఎర్త్ చేయాలి, గాలిలో వదిలితే సీడీఐ (ప్లగ్గులకు కరెంటు పంపే పెట్టె) దెబ్బతింటుంది. నీలంగా టప్పుమంటే కరెంటు ఉన్నట్టే. అసలు రాకపోతే ముందు ఇంజను ఆపే కిల్ స్విచ్ వైరు కనెక్టర్ ఊడదీసి మళ్లీ చూడండి. ఉప్పు తేమకి ఆ స్విచ్ లోపలే ఎర్త్ అవడం మామూలే. ఆ వైరు తీసి నడిపితే స్విచ్‌తో ఇంజను ఆగదు, చోక్ లాగి ఆపాలి. మనిషి నీళ్లలో పడినా ఇంజను ఆగదు, కాబట్టి ఒడ్డు చేరేంతవరకే అలా నడపాలి.

తర్వాత అనుమానం, ప్లగ్గు ఎప్పుడు మండాలో సీడీఐకి చెప్పే పల్సర్ కాయిల్ మీదకి పోతుంది. వేడికి రాగి తీగ నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర మీటరు చూపిన అంకె 80 డిగ్రీలకు ఐదో వంతు పెరగడం సహజం. అది చూసి కాయిల్ మార్చేస్తే డబ్బు దండగ. వేడి మీద మీటరు అంకె అంతూపొంతూ లేకుండా పరుగెత్తి, చల్లారాక మామూలుకి వస్తే లోపల తీగ తెగిందని అర్థం. అప్పుడే మార్చాలి.

కరెంటూ ఇంధనమూ రెండూ ఉన్నా అందుకోకపోతే వేడి మీదే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) కొలవండి. రెండు సిలిండర్ల తేడా పది శాతం దాటితే పిస్టన్ రింగుల సంగతి చూడాలి.

అసలు ఇంజను అవసరానికి మించి వేడెక్కుతుంటే పైవన్నీ తరచూ వస్తాయి. వెనక నుంచి కారే నీటిధార సన్నబడితే నీటిని తోడే ఇంపెల్లర్ అరిగి ఉండొచ్చు. ఇసుక ఒడ్డు మీద దించి ఎక్కించే తెప్పలకు అది త్వరగా అరుగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి, ఆ రోజుల్లోనే ఇంపెల్లర్ మార్చి, వేడిని బట్టి నీటిదారి తెరిచే థర్మోస్టాట్‌ని వేడి నీళ్లలో వేసి తెరుచుకుంటుందో లేదో చూసుకోవచ్చు. మిగతా రోజుల్లో వేట నుంచి రాగానే డ్రమ్ములో మంచినీళ్లు నింపి పది నిమిషాలు నడిపితే ఉప్పు గడ్డకట్టదు.

ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజనుకు ఈ కిరోసిన్ తడి బాధ లేదు, వేడి మీద సులువుగానే అందుకుంటుంది. కానీ బరువు ఎక్కువ, ఇద్దరే ఉండే తెప్ప మీద ఎత్తి దించడం కష్టం. అందుకే నా ఓటు ఇప్పటికీ కిరోసిన్ దానికే. పెట్టెలో రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్ స్పానర్, స్టార్టర్ తాడు, డ్రెయిన్ స్క్రూకి సరిపోయే స్క్రూడ్రైవర్, పొడి గుడ్డ లేకుండా మాత్రం సముద్రంలోకి దిగొద్దు.