పాత పుస్తకాల దుకాణం తెప్పించి ఇచ్చిన వజ్రాల వ్యాపారి జీవితచరిత్ర

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కొంచెం దూరంలో ఉన్న ఒక పాత పుస్తకాల దుకాణంలో, పేరు చెప్పి బయానా కడితే కావలసిన పుస్తకాన్ని వెతికించి తెప్పిస్తారు. దక్షిణాఫ్రికా వజ్రాల వ్యాపారి బార్నీ బార్నాటో జీవితచరిత్ర ఒకటి నేను అలాగే తెప్పించుకున్నాను. దుకాణం పనితీరును గురించీ, చేతికి వచ్చిన పుస్తకాన్ని గురించీ కలిపే రాస్తున్నాను.

మా అమ్మగారి ఊరు తుగ్గలి మండలంలో ఉంది. తొలకరి పడగానే జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం వజ్రాల కోసం నడుము వంచి నేలను చూసుకుంటూ నడవడం చిన్ననాటి నుంచి చూసినవాణ్ణి. రాయి దొరికినవాడు వ్యాపారి చెప్పిన ధరకే దాన్ని ఇచ్చి పోవడమూ చూశాను. అదే రాతి వ్యాపారంలో అట్టడుగున మొదలై పైకి ఎక్కినవాడు ఎలా ఎక్కాడో తెలుసుకోవాలన్న కోరిక నన్ను బార్నాటో దగ్గరకు తీసుకుపోయింది.

రెండు వందల రూపాయలు బయానా ఇచ్చాను. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరిచే పుస్తకాల్లో వెతికించి, మూడు వారాల తర్వాత ఫోన్ చేశారు. మొత్తం ఆరు వందల యాభై రూపాయలు అయింది. అట్ట నలిగినా లోపలి కాగితం గట్టిగా ఉంది. ఆ ధర ఎక్కువని నేను అనను.

బార్నాటో అసలు పేరు బార్నెట్ ఐజాక్స్. 1851లో లండన్ తూర్పు భాగంలోని పేద యూదుల వాడలో, పాత బట్టలు అమ్మే తండ్రికి పుట్టాడు. యూదు పిల్లల ఉచిత పాఠశాలలో పద్నాలుగేళ్ళ వరకే చదివాడు. అన్న హ్యారీతో కలిసి వేదికల మీద ప్రదర్శనలు ఇచ్చిన కాలంలో పెట్టుకున్న పేరే బార్నాటో. 1873లో దక్షిణాఫ్రికాలోని వజ్రాల గనుల ఊరు కింబర్లీ చేరి, గుంత గుంతకూ తిరిగి తవ్వేవారి దగ్గర రాళ్ళు కొనే చిన్న వ్యాపారిగా బతుకు మొదలుపెట్టాడు.

పుస్తకంలో నేను రెండుసార్లు చదివిన అధ్యాయం దీని తర్వాత వస్తుంది. పైనున్న పసుపు మట్టి అయిపోయి గట్టి నీలిమట్టి తగలగానే, ఇక కింద వజ్రాలు లేవనుకొని ఎందరో తమ గుంతలను అయినకాడికి అమ్ముకొని పోయారు. నీలిమట్టిలోనే అసలు సంపద ఉందని నమ్మిన బార్నాటో 1876లో కింబర్లీ గనిలో నాలుగు గుంతలు కొన్నాడు. తవ్వి తీసిన నీలిమట్టిని మైదానాల్లో పరచి, నెలల తరబడి ఎండకూ వానకూ వదిలేసి, అది పగిలి పొడి అయ్యాక కడిగి వజ్రాలు ఏరేవారు. 1887లో ఆ రాతికి కింబర్లైట్ అని పేరు పెట్టారు. మన అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర భూమిలో ఉన్నదీ అదే జాతి రాయి కనుక, ఈ పుటలు నాకు పరాయి దేశపు కథలా అనిపించలేదు.

మరో వజ్రాల గనుల అధిపతి సెసిల్ రోడ్స్‌తో పోటీపడి, చివరకు రాజీకి వచ్చి, 1888లో ఏర్పడిన డీ బీర్స్ అనే వజ్రాల గనుల కంపెనీలో బార్నాటో జీవితకాల గవర్నర్ అయ్యాడు. ఆయన వైపున్న కింబర్లీ సెంట్రల్ కంపెనీ ఆస్తులకు చెల్లించిన చెక్కు 53,38,650 పౌండ్లది. దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీ పార్లమెంటు సభ్యత్వం, జోహన్నెస్‌బర్గ్ బంగారు గనుల వ్యాపారం ఆ తర్వాతి సంగతులు. రచయిత వీటిని చకచకా నడిపించాడు.

పుస్తకంలో నన్ను నొప్పించిన లోపం ఒకటి ఉంది. 1885 నుంచి కింబర్లీలో ఆఫ్రికన్ కూలీలను ఒప్పందం ముగిసేదాకా చుట్టూ కంచె వేసిన ఆవరణల్లోనే ఉంచి, బయటికి పంపేముందు ఒళ్ళంతా సోదా చేసేవారు. లక్షల పౌండ్ల చెక్కును వర్ణించడానికి నాలుగు పుటలు ఇచ్చిన రచయిత, ఆ రాళ్ళు తవ్విన చేతులకు ఒకటిన్నర పుట మాత్రమే ఇచ్చాడు. చేలల్లో వంగి నడిచే మనుషుల మధ్య పెరిగిన నేను దీన్ని చిన్న లోపమని అనుకోలేను.

ఇక దుకాణం తప్పు. ఇంటికి వచ్చి చూస్తే చివరి పదహారు పుటలు లేవు. 1897 జూన్ 14న, ఇంగ్లండుకు తిరిగి పోతూ మదీరా దీవి సమీపంలో స్కాట్ అనే ఓడ మీదినుంచి బార్నాటో సముద్రంలో పడి చనిపోయిన ఘట్టం సరిగ్గా ఆ పుటల్లోనే ఉంది. నేను అసంతృప్తి చెప్పగానే యజమాని వాదనకు దిగలేదు. "నాలుగు దినాలు టైమియ్యండి సార్, ఆ పేజీలు తెప్పించే పూచీ నాది" అన్నారు. పన్నెండు రోజులు పట్టింది గానీ, మరో ప్రతి నుంచి జిరాక్సు తీయించి, కుట్టించి, పైసా తీసుకోకుండా ఇచ్చారు. మతి చలించిన స్థితిలో దూకి మునిగాడని విచారణలో తేల్చిన సంగతి ఆ జిరాక్సు పుటల్లోనే చదివాను.

అరుదైన పుస్తకాలు కావలసినవారు ఈ దుకాణానికి నిశ్చింతగా వెళ్ళవచ్చు. అయితే మిగతా సొమ్ము చెల్లించే ముందు అక్కడే కూర్చొని పుటలు సరిచూసుకోవాలి. నేటి పోలండులోని సైలీషియాలో యూదు కుటుంబంలో పుట్టి, సూడాన్ దక్షిణాన ఈక్వటోరియాకు గవర్నర్ అయిన ఎమిన్ పాషా జీవితచరిత్ర కోసం నేను మళ్ళీ బయానా కట్టి వచ్చాను.