అడాప్టర్ ప్లేట్ కొనేముందు డోవెల్ కన్నాలు ఉన్నాయో లేదో చూస్కోండి, నాకు 42 వేలు బొక్క

పాత కార్లకి ఇంజన్లు, గేర్‌బాక్సులు మార్చి ట్రాక్ కార్లు కట్టుకునే మన వైజాగ్ వాళ్లు ఒక్కసారి ఇది చదవండి. నా కాంటెస్సాకి టర్బో పెట్టాక పాత గేర్‌బాక్స్ తట్టుకోదని వేరే కంపెనీది తీసుకున్నా, రెండిటినీ కలపడానికి అడాప్టర్ ప్లేటూ, బరువు తగ్గించిన "స్టీల్" ఫ్లైవీలూ (ఇంజన్ వెనక తిరిగే చక్రం, క్లచ్ దీని మీదే కూర్చుంటుంది) కలిపి కిట్‌గా అమ్మే ఒకతని దగ్గర ఆన్‌లైన్‌లో 42 వేలు పోసి తెప్పించా. "కళ్లు మూసుకుని బిగించెయ్ బ్రో" అన్నాడు. నిజంగానే కళ్లు మూసుకుని బిగించేశాం.

రెండొందల కిలోమీటర్లు కూడా తిరగలేదు, క్లచ్ తొక్కితే కీచుమని సౌండ్, వదిలేస్తే మాయం. నేనేమో రిలీజ్ బేరింగ్ (తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కేది) పోయిందనుకుని ఇంకో వారం తిప్పా (నా బుద్ధి గడ్డి తింది). తర్వాత మూడో గేర్ దానంతటదే న్యూట్రల్‌లోకి జారడం మొదలైంది.

ఆటోనగర్‌లో మేస్త్రి గేర్‌బాక్స్ దింపగానే పైలట్ బేరింగ్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనని ఇంజన్ క్రాంక్ మధ్యలో పట్టుకునేది) ముక్కలు ముక్కలుగా చేతిలోకి రాలింది. ప్లేటు తిరగేసి చూసి "ఏటి బాబూ ఇది, డోవెల్ కన్నాలేవీ?" అన్నాడు. అప్పుడు గానీ నాకు ఎక్కలేదు. బోల్టులు బిగించి పట్టుకుంటాయంతే, క్రాంకూ గేర్‌బాక్స్ షాఫ్టూ ఒకే లైన్లో ఉండేలా సెంటర్ చూపించేవి కన్నాల్లో బిగుతుగా కూర్చునే డోవెల్ పిన్నులే. 12 ఎంఎం బోల్టుకి 13 ఎంఎం కన్నం ఉంటే ఆ గ్యాపులో బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు క్లచ్‌ని కప్పే గుల్ల) ఎటైనా జరుగుద్ది. ఫ్లైవీల్‌కి డయల్ గేజ్ (చిన్న తేడాని కూడా ముల్లుతో కొలిచేది) తగిలించి, హౌసింగ్ బోరు మీద ముల్లు ఆనించి క్రాంక్ తిప్పితే 0.6 ఎంఎం చూపించింది, అంటే సెంటర్ 0.3 తప్పింది. రేస్ కార్లకి మామూలుగా ఒప్పుకునే రీడింగు ఐదు థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే 0.13 ఎంఎం లోపు.

అసలు భయపడింది ఫ్లైవీల్ దగ్గర. లేత్ మీద అంచు కొంచెం గీయిస్తే చూర నల్లగా పొడిపొడిగా రాలింది, స్టీల్ అయితే స్ప్రింగులా చుట్టుకుంటూ రావాలి. పోత ఇనుము! దాన్నే చెక్కి పల్చన చేసి స్టీలని అంటగట్టాడు. ఏడు వేల ఆర్పీఎంలో అది పగిలితే ముక్కలు బెల్ హౌసింగ్ చీల్చుకుని సరిగ్గా మన పాదాల మీదకే వస్తాయి. 1970లో అమెరికా డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్‌కి ట్రాన్స్‌మిషన్ పేలి కుడి పాదంలో కొంత భాగం పోయింది, ఆ దెబ్బతోనే ఆయన ఇంజన్‌ని వెనక్కి పెట్టిన కారు కట్టాడు. ఫ్లైవీల్, క్లచ్‌లకి అక్కడ ఎస్ఎఫ్ఐ 1.1 (రేసింగ్ పార్టుల సేఫ్టీ ప్రమాణం) స్టిక్కర్ అడిగేది ఊరికే కాదు.

అమ్మినోడికి ఫొటోలు, గేజ్ వీడియో అన్నీ పంపా. "ఇంతవరకు ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు, ఫిట్టింగ్ మీదే తప్పు" అని బ్లాక్ చేశాడు.

ఇప్పుడు మేస్త్రి ఆ ప్లేటుకే సెంటర్ పట్టి డోవెల్స్ వేశాడు, రీడింగు 0.1కి దిగింది. ఫ్లైవీల్ మాత్రం తుక్కులోకే. ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు జాయింట్ దగ్గర స్టీల్ లూప్ కూడా వేయిస్తున్నా, జాయింట్ తెగితే షాఫ్ట్ రోడ్డుకి గుచ్చుకోకుండా. ఇలాంటి కిట్ ఇప్పటికే బిగించినోళ్లు ట్రాక్‌కి వెళ్లకముందే దింపించి గేజ్ పెట్టించండి, ఒక పూట పని.