శరద్విషువత్తు వేళ ఇంగ్లండ్ శిలావలయాల మధ్య: ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ బస చేయాలి

ఏటా సెప్టెంబర్ 22న గానీ 23న గానీ వచ్చే, పగలూ రాత్రీ సమానంగా ఉండే శరద్విషువత్తును ఇంగ్లండ్‌లోని పేగన్లు (క్రైస్తవానికి ముందునాటి ప్రకృతి ఆరాధనను మళ్లీ చేపట్టినవారు) రెండో పంట పండుగగానూ, గడచిన ఏడాదిలో తమకు దక్కినదేమిటో వదులుకోవలసినదేమిటో తీరిగ్గా తలచుకునే రోజుగానూ జరుపుకుంటారు. పేగన్ మతం పుచ్చుకునే ఉద్దేశం లేకపోయినా, ఆ పూట వారితో కలిసి నిలబడి కాసేపు ఆత్మపరిశీలన చేసుకోవాలనుకునేవారికి ఎక్కడ ఎలాంటి అనుభవం దొరుకుతుందో, బసకూ తిండికీ దారికీ ఏ ఏర్పాట్లున్నాయో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. మేము స్విండన్‌లో ఉంటాము. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లాము కాబట్టి, పెద్దవారు ఎంతవరకు నడవగలరన్నది కూడా చూసి రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఈ పండుగ వేల ఏళ్లుగా తెగకుండా వస్తున్న ఆచారమని దుకాణాల్లో అమ్మే కరపత్రాలు చెప్పే మాటను నమ్మనక్కరలేదు. అయనాంతాలు (పగలు అతి పొడవుగా, అతి పొట్టిగా ఉండే రెండు రోజులు), విషువత్తులు, వాటి నడుమ నాలుగు పండుగలు కలిపి ఎనిమిది ఆకుల చక్రంగా సంవత్సరాన్ని అమర్చినది ఇరవయ్యో శతాబ్దం మధ్యలోనే. ఈ పండుగకు ‘మేబన్’ అని పేరు పెట్టినది 1970లలో ఏడన్ కెల్లీ అనే అమెరికన్. ప్రాచీన కెల్టు పూజారుల పేరు పెట్టుకున్న పేగన్ శాఖవారైన డ్రూయిడ్లు దీనిని ‘ఆల్బన్ ఎల్వెద్’ అంటారు. మేము కలిసిన పేగన్లలో చాలామంది ఈ చరిత్రను దాచకుండానే చెప్పారు. కర్మకాండ కొత్తదైతేనేమి, పాత రాళ్ల మధ్య నిలబడి చేస్తున్నామన్నది వారి ధోరణి, నాకు అది నచ్చింది.

స్టోన్‌హెంజ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ ముందు అడిగేది దాని గురించే. మామూలు రోజుల్లో టికెట్టు కొని వెళ్లినా తాడు ఇవతల బాట మీదే తిరగాలి, రాళ్ల వలయంలోకి పోనివ్వరు. ఏడాదికి నాలుగుసార్లు, అంటే రెండు అయనాంతాలకూ రెండు విషువత్తులకూ, ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సూర్యోదయ వేళకు లోపలికి ఉచితంగా రానిస్తుంది. సెప్టెంబర్‌లో సూర్యోదయం ఉదయం 7 గంటలకు కొన్ని నిమిషాల ముందు అవుతుంది. వెలుతురు వచ్చే వేళకు తెరిచి, సుమారు ఎనిమిదిన్నరకల్లా అందరినీ బయటికి పంపిస్తారు. మద్యం, డ్రోన్లు, మైకులు నిషిద్ధం, రాళ్లు ఎక్కకూడదు. సందర్శక కేంద్రం రాళ్లకు సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉంది. చీకట్లో ఆ దూరం నడవడం పెద్దవారికి కష్టం కాబట్టి షటిల్ బస్సు కోసం వరుసలో నిలబడటమే మేలు. పచ్చికంతా మంచుతో తడిసి ఉంటుంది, తోలు బూట్లు లేకపోతే పాదాలు గడ్డకడతాయి.

లోపల నిలబడిన క్షణం నిజంగానే గొప్పది. సగటున 25 టన్నుల బరువుండే సార్సెన్ అనే గట్టి ఇసుకరాతి బండల పక్కన మనిషి ఎంత చిన్నవాడో ఫొటోల్లో తెలియదు. అయితే ఆత్మపరిశీలనకు ఇది అనువైన చోటని నేను అనలేను. తెల్లని అంగీలు వేసుకున్న డ్రూయిడ్లు మధ్యలో శాంతివచనాలు పలుకుతుంటే, చుట్టూ డోళ్లు, వాటి చుట్టూ చేతులెత్తి పట్టుకున్న ఫోన్లు. జూన్ అయనాంతానికి వచ్చే వేల జనంతో పోలిస్తే ఆ పూట జనం తక్కువే, అయినా మన ఆలోచన మనకు వినబడేంత నిశ్శబ్దం దొరకదు. పైగా ఈ కట్టడం ముఖం తిప్పినది వేసవి అయనాంతపు సూర్యోదయం వైపు, శీతాకాల అయనాంతపు సూర్యాస్తమయం వైపు. విషువత్తునాడు సూర్యుడికీ ఈ రాళ్లకూ అలాంటి ప్రత్యేక పొందిక ఏదీ లేదు. జీవితంలో ఒకసారి రాళ్ల మధ్య నిలబడాలన్న కోరిక ఉన్నవారు తప్పక వెళ్లవచ్చు, పైసా ఖర్చు లేకుండా ఆ కోరిక తీరే మార్గం ఇదే.

బసకు దగ్గరి ఊరు ఏమ్స్‌బరీ. రహదారి పక్కన గొలుసు హోటళ్లు ఉన్నాయి, గదులు శుభ్రంగానే ఉంటాయి, మరే విశేషమూ లేదు. మేము దిగిన హోటలులో తెల్లవారుజామున బయలుదేరేవారికి ఫలహారం పొట్లం కట్టి ఇస్తామని రాత్రి మాట ఇచ్చి, పొద్దున కౌంటరులో ఎవరూ లేకుండా చేశారు. ఫ్లాస్కులో టీ, రొట్టె వెంట ఉంచుకోవడం ఉత్తమం. ఆ వేళకు మామూలు బస్సులు ఉండవు, సొంత కారు గానీ ముందుగా మాట్లాడుకున్న టాక్సీ గానీ ఉండాలి.

ఈ యాత్రలో అసలు దినం ఏవ్‌బరీలో గడిచింది. ఇది ప్రపంచంలోనే అతి పెద్ద శిలావలయం. బయటి వలయం వ్యాసం 330 మీటర్లకు పైనే. ఊరిలో కొంత భాగం వలయం లోపలే ఉంది: ఇళ్లు, పబ్బు, ప్రార్థనా మందిరం, మధ్యలోంచి పోయే కారు రోడ్డు, రాళ్ల చుట్టూ మేసే గొర్రెలు. మధ్యయుగంలో ఊరివారు చాలా రాళ్లను పూడ్చిపెట్టారు, తరువాతి శతాబ్దాల్లో మరికొన్నిటిని నిప్పుతో కాల్చి పగలగొట్టి ఇళ్లకు వాడుకున్నారు. మార్మలేడ్ వ్యాపారపు సంపదకు వారసుడైన అలెగ్జాండర్ కీలర్ 1930లలో పూడిన రాళ్లను తవ్వించి మళ్లీ నిలబెట్టించాడు. ప్రవేశ రుసుము లేదు, తాడు లేదు, ఏ వేళకైనా వెళ్లవచ్చు. కారు నిలపడానికి మాత్రం నేషనల్ ట్రస్ట్ రుసుము తీసుకుంటుంది. స్విండన్ నుంచి 49వ నంబరు బస్సు నేరుగా ఊళ్లోనే దింపుతుంది.

విషువత్తుకు దగ్గరగా వచ్చే వారాంతంలో మధ్యాహ్నం వేళ ఇక్కడ డ్రూయిడ్లు అందరికీ తెరిచిన కర్మ జరుపుతారు. పేరు నమోదు లేదు, కానుక అడగరు. వచ్చినవారంతా ఒక వలయంగా నిలబడతారు. ఒకరు ముందుగా నాలుగు దిక్కులకూ తిరిగి, ఒక్కొక్క దిక్కున శాంతి ఉండుగాక అని పలుకుతారు, అన్ని వైపులా శాంతి లేనిదే పని మొదలుపెట్టరాదని నియమం. తరువాత తూర్పున గాలిని, దక్షిణాన నిప్పును, పడమట నీటిని, ఉత్తరాన భూమిని ఆహ్వానిస్తారు. అందరూ చేతులు కలిపి ఒక ప్రమాణాన్ని మూడుసార్లు చెబుతారు. ఆపైన ఒక పెద్దావిడ యాపిల్ పండును నిలువునా కాక అడ్డంగా కోసి, లోపల గింజల గదులు అయిదు రేకుల నక్షత్రంలా ఏర్పడి ఉండటాన్ని ప్రతి ఒక్కరి ముందుకూ తెచ్చి చూపించింది. చూసినవారు ఒక ఎండుటాకును చేతిలోకి తీసుకుని, ఈ ఏడు తమకు పండినది ఒకటి, ఇక మోయదలచుకోనిది ఒకటి మనసులో అనుకుని, ఆకును వలయం మధ్యనున్న బుట్టలో వేయాలి. పైకి చెప్పాలన్న బలవంతం లేదు. నా ఎడమ పక్కనున్న యువకుడు మాత్రం ఉద్యోగం పోయిన సంగతి గట్టిగానే చెప్పాడు. ఎవరూ ఓదార్చలేదు, జాలిపడలేదు, విన్నామన్నట్టు తల ఊపారంతే. ఆ తల ఊపులో ఉన్న మర్యాద నాకు చాలా నచ్చింది.

తరువాత రొట్టె తుంచి పక్కవారికి అందిస్తూ, ‘నీకెన్నడూ ఆకలి కలగకూడదు’ అనే అర్థం వచ్చే మాట చెబుతారు. కొమ్ముపాత్రలో మీడ్ అనే తేనె సారాయి తిరుగుతుంది, తాగనివారికి యాపిల్ రసం వేరే ఉంది. మా అత్తగారు రొట్టెముక్క అందుకుని, తన వంతుకు తెలుగులోనే ఆశీర్వదించి పక్కావిడకు ఇచ్చారు. ఆవిడ అదేమిటని కూడా అడగకుండా తల వంచి పుచ్చుకుంది.

కర్మ ముగిశాక అత్తగారు, “మన అరసవిల్లిలో కూడా ఇంచుమించు ఇవే రోజులు కదమ్మా, స్వామి పాదాల మీద కిరణాలు పడేది?” అన్నారు. అరసవల్లి సూర్యనారాయణస్వామిని మార్చి రెండో వారం మొదట్లోనూ అక్టోబర్ మొదటి రోజుల్లోనూ ఉదయపు కిరణాలు తాకుతాయి. విషువత్తుకు మార్చిలో పది రోజుల ముందు, అక్టోబర్‌లో పది రోజుల తరువాత అన్నమాట, రెండుసార్లూ సూర్యుడు సరి తూర్పుకు కొద్దిగా దక్షిణంగా ఒకే చోట ఉదయిస్తాడు. మహాలయ పక్షాలు కూడా ఈ రోజులకు అటూ ఇటూగానే వస్తాయి. ఆ లెక్కన పొలాల మధ్య నిలబడి పోయినదాన్నీ పండినదాన్నీ తలచుకోవడం ఆవిడకు వింతగా తోచలేదు.

ఏవ్‌బరీకి దాపున ఉన్న వెస్ట్ కెనెట్ సమాధిని మాత్రం వదలకండి. సుమారు వంద మీటర్ల పొడవైన మట్టిదిబ్బ, తూర్పు కొసన రాతి గదులు అయిదు, క్రీస్తుకు పూర్వం సుమారు 3650 నాటి కట్టడం. కనీసం 36 మంది అస్థికలు ఇందులో దొరికాయి. ముఖద్వారం తూర్పుకే అయినా, సమాధిని మూసివేసినప్పుడు ఎదుట నిలిపిన పెద్ద బండలు ఇంకా అలాగే ఉన్నాయి కాబట్టి ఉదయపు వెలుగు పక్కల నుంచే లోపలికి జారుతుంది. ఎవరూ లేని వేళ పావుగంట కూర్చుంటే చాలు, నేను వెదుకుతూ వెళ్లిన నిశ్శబ్దం ఇక్కడే దొరికింది. రోడ్డు నుంచి పొలం గట్టున ఎక్కుడు దారి, వానపడితే బురద, మోకాళ్ల నొప్పులున్నవారికి కర్ర కావాలి. లోపల దీపాలు వెలిగించవద్దు. మంట వేడికి రాళ్లు పగుళ్లిస్తాయి, మసి పోదు, అయినా భక్తులమనుకునేవారే ఆ పని చేస్తున్నారు. దారిలో కనిపించే సిల్‌బరీ కొండను ఎక్కడం నిషిద్ధం.

ఏవ్‌బరీ ఊళ్లో గదులు కొన్నే, విషువత్తు వారాంతంలో వాటి ధర కూడా ఎక్కువే. సుమారు పది కిలోమీటర్ల దూరంలోని మార్ల్‌బరోలో పాత సత్రపు హోటళ్లు, ఇంటివారే నడిపే గదులు ఉన్నాయి. మాకు గది ఇచ్చిన ఇంటావిడ మాంసం తినమని ముందే చెప్పినందుకు పుట్టగొడుగులు, టమాటాలు, బీన్స్‌తో పొద్దున్నే వేడివేడిగా వడ్డించింది. ఈ యాత్రలో డబ్బుకు తగిన బస అదొక్కటే.

అక్కడి నుంచి కారులో సుమారు గంటన్నర ప్రయాణిస్తే గ్లాస్టన్‌బరీ. రైలు స్టేషను లేదు, బ్రిస్టల్ నుంచి 376 బస్సు వస్తుంది. 158 మీటర్ల టార్ కొండ మీద కప్పులేని సెయింట్ మైఖేల్ గోపురం ఉంది, సాయంకాలం అక్కడ చిన్న చిన్న గుంపులు ఎవరి కర్మ వారు చేసుకుంటారు. గాలి మనిషిని నెట్టేస్తుంది. అత్తగారు సగం దాకా వచ్చి బల్ల మీద కూర్చుండిపోయారు.

కొండ పాదాన రెండు ఊటలు ఎదురెదురుగా ఉన్నాయి. చాలిస్ వెల్ తోటకు రుసుము ఉంది, ఇనుము కలిసిన నీరు పారినంత మేరా రాళ్లు ఎర్రబారి ఉంటాయి, బల్లలు, పూలమొక్కలు, మెట్లు అన్నీ పెద్దవారికి అనుకూలం. సందుకు అవతలి పక్కన ఉన్న వైట్ స్ప్రింగ్‌కు రుసుము లేదు. విక్టోరియా కాలపు నీటి గృహంలో చీకటి, కొవ్వొత్తులు, ఎముకలు కొరికే చల్లని నీటిగుంటలు. స్వచ్ఛంద సేవకులు తెరిచిన గంటల్లోనే ప్రవేశం, లోపల ఫొటోలు తీయనివ్వరు. ఆ ఒక్క నియమం వల్లనే అక్కడ మనుషులు నిజంగా మౌనంగా ఉన్నారు.

ప్రధాన వీధి గురించి అంత గొప్పగా చెప్పలేను. రంగురాళ్లు, టారో కార్డులు, గంటకు ఇంత అని తీసుకునే ‘శక్తి చికిత్స’లు, మైసూరు అగరుబత్తులు మన ఊరి ధరకు ఎన్నో రెట్లకు. విషువత్తు పేరున అమ్మే ప్రత్యేక శిబిరాల్లో దొరికేది ఏవ్‌బరీలో ఉచితంగా దొరికినదాని కంటే మించదని నా అభిప్రాయం. శాకాహారం మాత్రం ఈ ఊళ్లో ప్రతి మలుపునా ఉంది. బసకు ఊరి గదుల కంటే, మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని స్ట్రీట్ అనే ఊళ్లో 1931 నుంచి నడుస్తున్న యూత్ హాస్టల్ చవక. వంటగది ఉంది, మేము అక్కడే పప్పు, అన్నం వండుకున్నాము.

ఇంత దూరం రాలేని లండన్‌వాసులకు ప్రిమ్‌రోజ్ హిల్ ఉంది. 1792లో వెల్ష్ కవి యోలో మోర్గన్వగ్ తన కవిగాయకుల సభను మొదటిసారి జరిపిన కొండ ఇది. విషువత్తు మధ్యాహ్నం ఒంటిగంటకు తెల్లని అంగీల్లో డ్రూయిడ్లు వరుసగా ఎక్కివచ్చి కర్మ జరుపుతారు. ఇక్కడ మనం చూసేవారమే తప్ప వలయంలో చేరేవారం కాము. నార్తర్న్ లైన్‌లో చాక్ ఫార్మ్ స్టేషనులో దిగితే కొద్ది నిమిషాల నడక, పచ్చిక మీద పరుచుకోవడానికి ఒక దుప్పటి చాలు.