గట్టి మంచు మీద స్నోమొబైల్: స్లైడర్లు, స్క్రాచర్లు, కొన్ని సీజన్ల వాడకం తర్వాత

అమెరికాలోని మిషిగన్ పై ద్వీపకల్పంలో, కీవినా వైపు మంచుకు కరువేమీ లేదు. 1978-79 చలికాలంలో అక్కడ 390.4 అంగుళాలు కురిసిన రికార్డు ఉంది. అయినా స్నోమొబైల్ ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టా) లోపలి ప్లాస్టిక్ పట్టీలు, అంటే స్లైడర్లు, కాలిపోయేది అక్కడి దారుల మీదే. గ్రూమర్ (దారి మీది మంచును చదును చేసే యంత్రం) నొక్కేసి వెళ్లాక, రాత్రి చలికి గడ్డకట్టిన మంచు ఎంత మందంగా ఉన్నా ట్రాక్ కింద పొడి లేవదు. హోటన్ నుంచి మాస్ సిటీ దాకా వెళ్లే బిల్ నికల్స్ ట్రయిల్ పాత కాపర్ రేంజ్ రైల్వే కట్ట మీదుగా పోతుంది. పెద్దగా వంపులు ఉండవు, మైళ్ల తరబడి థ్రాటిల్ ఒకేచోట పట్టుకుని పోతాం. స్లైడర్లకు ఇంతకన్నా కఠిన పరీక్ష గడ్డకట్టిన పోర్టేజ్ సరస్సు మీదే దొరుకుతుంది.

ఈ సమీక్ష 137 అంగుళాల ట్రాక్ ఉన్న 600 సీసీ లిక్విడ్ కూల్డ్ టూ స్ట్రోక్ బండి గురించి. మామూలు స్లైడర్లు, గ్రాఫైట్ కలిపిన నల్ల స్లైడర్లు, కేబుల్ స్క్రాచర్లు (నేలను గీకి మంచు పొడి లేపే తీగలు), అదనపు బోగీ చక్రాలు (ట్రాక్ లోపల దొర్లే చిన్న చక్రాలు) అన్నీ దీని మీదే వాడాను. ముందే చెప్పేస్తున్నా: స్క్రాచర్లు లేకుండా ఎంత ఖరీదైన స్లైడర్ వేసినా డబ్బు దండగే.

స్లైడర్ అంటే సస్పెన్షన్ రైలు (ట్రాక్ లోపల పొడవుగా ఉండే అల్యూమినియం పట్టా) అడుగున, టీ ఆకారపు గాడిలో దూరి ఉండే పొడవాటి ప్లాస్టిక్ పట్టీ. చాలామంది హైఫ్యాక్స్ అనే అంటారు. ట్రాక్‌కున్న ఉక్కు క్లిప్పులు దాని మీద జారుతూ పోతాయి. ఆ రెంటి మధ్య నూనె, గ్రీజు ఏమీ ఉండవు, మంచు పొడే కందెన. ఈ ప్లాస్టిక్ దాదాపు 135 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు చాలాముందే మెత్తబడి అరగడం మొదలుపెడుతుంది. ఇంజన్ సంగతీ అంతే. టన్నెల్ (ట్రాక్ మీద కప్పులా ఉండే లోహపు భాగం) కింద, కూలెంట్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్లకు ట్రాక్ ఎగజిమ్మే మంచే రేడియేటర్ గాలి. పొడి ఆగిపోతే స్లైడర్, కూలెంట్ రెండూ ఒకేసారి వేడెక్కుతాయి. ఫ్యాన్ కూల్డ్ బండ్లలో ఇంజన్‌కు ఈ బాధ లేదు గానీ స్లైడర్లు మాత్రం అలాగే కాలతాయి.

కాలిన ప్లాస్టిక్ వాసన ముక్కుకి తగిలేసరికి పని సగం చెడిపోయి ఉంటుంది. బండిని పక్కకు వాల్చి చూస్తే, రైలు ముందు భాగం పైకి వంపు తిరిగే చోట పట్టీ అంచు జీళ్లపాకంలా సాగి బయటికి వచ్చి కనిపిస్తుంది, క్లిప్పు లోపలి ముఖానికి నల్లటి పొర అంటుకుని ఉంటుంది. ఆ పొరను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి తీసేయాలి. అది ఉండగా కొత్త పట్టీ వేస్తే మొదటి గంటలోనే గీరలు పడతాయి. బాగా వేడెక్కాక గట్టి ఐసు మీద బండి ఆపితే మరో తంటా: మెత్తబడ్డ ప్లాస్టిక్ క్లిప్పులకు అతుక్కుని గట్టిపడుతుంది. అందుకే వాసన వచ్చిందంటే అక్కడికక్కడ ఆపకుండా, నెమ్మదిగా దారి పక్కనున్న వదులు మంచులోకి దింపి, కాస్త దూరం నడిపాకే ఆపడం మేలు.

అరుగుదల ఎప్పుడూ సమానంగా ఉండదు. మధ్యలో కొలిచి బాగానే ఉందనుకుంటారు, ముందు వంపు దగ్గర చూస్తే అయిపోయి ఉంటుంది. కొత్త పట్టీ మందం చాలా బండ్లకు 16 నుంచి 18 మిల్లీమీటర్లు, 10 దగ్గరికి వస్తే మార్చేయాలి. కొన్నిటికి పక్కన హద్దు గీత అచ్చువేసి ఉంటుంది. ఆ గీత దాటాక కూడా వాడితే క్లిప్పులు అల్యూమినియం రైలును కొరకడం మొదలుపెడతాయి, రైలు ధర ముందు స్లైడర్ల ధర లెక్కలోది కాదు. ఒకవైపు పట్టీ మాత్రమే త్వరగా అరిగితే తప్పు ట్రాక్ అలైన్‌మెంట్‌ది. వంగిన క్లిప్పు ఒక్కటున్నా పట్టీని చెక్కేస్తుంది. కొత్తవి వేసేముందు ట్రాక్‌ను చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి, ప్రతి క్లిప్పునూ తడిమి చూడండి.

మార్చడం కష్టమైన పని కాదు, ఓపిక పని. వెనక భాగాన్ని స్టాండు మీదికి లేపాలి. ట్రాక్ టెన్షన్ బోల్టులు పూర్తిగా వదులు చేయాలి. రైలు ముందు కొన దగ్గర పట్టీని పట్టి ఉంచే చిన్న బోల్టు విప్పాలి. చాలా బండ్లలో సస్పెన్షన్ దించకుండానే, ట్రాక్‌లోని కిటికీ రంధ్రాలు పట్టీకి ఎదురుగా వచ్చేలా తిప్పుకుని, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో తడుతూ పాతదాన్ని వెనక్కి తోసేయొచ్చు. కరిగి అతుక్కుపోయిన పట్టీ మొండికేస్తే ముక్కలుగా కోసి లాగడమే మార్గం. తీశాక రైలు గాడిని శుభ్రంగా తుడిచి, అంచున లేచిన పొరలూ నొక్కులూ ఆకురాయితో సాపు చేయండి. ఈ ఒక్క పనికి తొందరపడకండి. గాడిలో చిన్న గరుకు మిగిలినా కొత్త పట్టీ సగంలో బిగుసుకుపోతుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు గాడికీ పట్టీకీ రాస్తే చక్కగా జారుతుంది. చుట్టగా వచ్చిన పట్టీని ముందు వెచ్చని గదిలో పరిచి ఉంచితే నిటారు అవుతుంది.

ముందు ఒక్క బోల్టే ఎందుకంటే, ఈ ప్లాస్టిక్ అల్యూమినియం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా సాగి కుంచించుకుపోతుంది. 20 డిగ్రీల గ్యారేజీలో వేసిన సుమారు 1.4 మీటర్ల పట్టీ, బయట మైనస్ 20లో రైలుతో పోలిస్తే దాదాపు 8, 9 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. వేడెక్కినప్పుడు అంతే సాగుతుంది. కదలకుండా ఉండాలని వెనక కూడా రంధ్రం వేసి బిగిస్తే, వేడికి మధ్యలో ఉబ్బి క్లిప్పులకు చిక్కుతుంది. బోల్టును కూడా విపరీతంగా బిగించొద్దు, ప్లాస్టిక్ చీలుతుంది.

కొత్త పట్టీ మందంగా ఉంటుంది కాబట్టి పాత టెన్షన్ ఇప్పుడు బిగుతైపోతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బిగుతు ట్రాక్ ముందు వంపు మీద ఒరుసుకుని, కొత్త పట్టీని అక్కడే తినేస్తుంది. ట్రాక్‌కు ఎంత బరువు వేలాడదీస్తే అది ఎంత కిందికి జారాలన్నది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది కనుక మాన్యువల్ చూసే సరిచేయండి. తర్వాత ట్రాక్‌ను నెమ్మదిగా తిప్పి, రైలుకూ క్లిప్పులకూ మధ్య ఖాళీ రెండువైపులా సమానంగా ఉందో లేదో చూడాలి. మొదటి 40, 50 కిలోమీటర్లు వదులు మంచులో నడిపి, టెన్షన్ మళ్లీ కొలవండి.

నల్ల గ్రాఫైట్ పట్టీలు మామూలువాటికన్నా కాస్త ఎక్కువ మన్నాయి, సందేహం లేదు. కానీ పొడి లేని ఐసు మీద రెండూ ఒకేలా వాసన వేశాయి. ధర తేడా కొద్దిగానే ఉంటే గ్రాఫైట్‌వి తీసుకోండి. రెట్టింపు అడిగితే ఆ డబ్బు స్క్రాచర్లకు పెట్టండి. ముందు వంపు దగ్గర ఒక జత బోగీ చక్రాలు చేర్చడం వల్ల పట్టీ మీద బరువు తగ్గుతుంది, అక్కడి అరుగుదల కళ్లకు కనిపించేంత తగ్గింది. ఇంజన్ వేడికి మాత్రం వాటివల్ల ప్రయోజనం లేదు. కొండ మంచుకని చేసిన పొడవు ట్రాక్ బండ్లలో చక్రాలు తక్కువ, అలాంటి బండిని గట్టి ట్రయిల్ మీద నడిపేవాళ్లకు ఇవి తప్పనిసరి.

స్క్రాచర్లు రైలుకు బిగించి, కొన నేలను గీకేలా పెట్టే తీగలు. అవి గీకిన పొడిని ట్రాక్ ఎత్తి క్లిప్పుల మీదికీ, టన్నెల్‌లోకీ విసురుతుంది. మంచి మంచులో ఈ బండి కూలెంట్ 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుంది. స్క్రాచర్లు ఎత్తేసి గట్టి దారి మీద పోతే 80 దాటడానికి ఎంతోసేపు పట్టదు. దించితే మళ్లీ 60ల్లోకి వస్తుంది. స్ప్రింగు కడ్డీల రకం బాగా గీకుతుంది గానీ, దించి ఉన్నప్పుడు మరిచిపోయి రివర్స్ చేస్తే వంగుతుంది. కేబుల్ రకం రివర్స్‌ను తట్టుకుంటుంది, నా ఓటు దానికే. బిగించేటప్పుడు కేబుల్ కొన ఎటు ఊగినా ట్రాక్ లగ్గులకూ (రబ్బరు పళ్లకూ) చక్రాలకూ తగలకూడదు. రైలుకు రంధ్రం వేయాల్సి వస్తే అంచుకు దూరంగా వేయండి, లేదంటే అక్కడినుంచే పగులు మొదలవుతుంది. బోల్టులకు థ్రెడ్‌లాకర్ (వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) తప్పక రాయండి. లోతైన మంచులో వీటిని పైకి తగిలించేయాలి. కొనలు అరిగి నేల మీద ఒత్తిడి తగ్గితే పేరుకే ఉంటాయి, ప్రతి నవంబరులో చూసుకోండి.

వెనకున్న రబ్బరు స్నో ఫ్లాప్‌ను చాలామంది పట్టించుకోరు. అది చిరిగిపోతే ట్రాక్ ఎత్తిన మంచు ఎక్స్‌ఛేంజర్లకు తగలకుండా వెనక్కి ఎగిరిపోతుంది. ఇన్ని చేసినా హెచ్చరిక దీపం వెలిగితే వదులు మంచులో రెండు మూడు చుట్లు తిప్పండి. అదీ దొరక్కపోతే ఇంజన్ ఆపి, పారతో టన్నెల్ మీదా, కింద ఎక్స్‌ఛేంజర్లకు తగిలేలా లోపలికీ మంచు పోయండి. వేడి మీద కూలెంట్ మూత తెరవొద్దు, ఒళ్లు కాలుతుంది. చల్లారాక మట్టం చూసి, తగ్గితే సగం నీళ్లు, సగం గ్లైకాల్ మిశ్రమమే పోయండి.