అరుదైన నాణెం ఎక్కడ అమ్మితే మేలు: విశాఖ నుంచి నా అనుభవం

బ్రిటిష్ ఇండియా నాణేలు కొనడం, అమ్మడం విశాఖలో చాలా ఏళ్లుగా చేస్తున్నాను. బంగారం కొట్లో, నాణేల వ్యాపారి దగ్గర, ఆన్‌లైన్‌లో, వేలంలో అన్నిచోట్లా అమ్మి చూశాను. నిజంగా అరుదైన నాణెం, లక్ష పైన పలికేది చేతిలో ఉంటే వేలానికే ఇవ్వండి.

కురుపాం మార్కెట్‌లో ఎంత నమ్మకమైన కొట్టుకి వెళ్లినా కట్టేది లోహం ధరే. పాత రూపాయి బిళ్ల 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో తులం. 1939 దాకా వచ్చినవాటిలో వెండి 91.7 శాతం. కాటా మీద 1938 బిళ్లా, 1939 బిళ్లా ఒకటే. సేకరించేవాళ్లకి మాత్రం ఆరో జార్జి 1939 రూపాయి దొరకడమే గగనం, వేలంలో లక్షలు పలుకుతుంది. అందుకే 1938 బిళ్ల మీద చివరి అంకె మార్చి అంటగట్టే మోసాలూ ఉన్నాయి. అలాంటి నాణేనికి గ్రేడింగ్, అంటే అసలుదేనా, ఏ స్థితిలో ఉందో నిపుణులతో తేల్పించడం, చేయించి, సీలు వేసిన డబ్బాలో ఉంటేనే కొనేవాడు ధైర్యంగా పాడతాడు.

వ్యాపారి దగ్గర సుఖం ఏమిటంటే డబ్బు అప్పటికప్పుడే వస్తుంది. మధ్యరకం నాణేలు ఇప్పటికీ అలాగే ఇచ్చేస్తాను. కానీ నా 1862 విక్టోరియా మొహరుకి, అంటే బంగారు నాణేనికి, ఒకాయన బంగారం ధర మీద కాస్త వేసి చాలన్నాడు. అదే మొహరు వేలంలో ఇద్దరు పట్టుబట్టి పాడటంతో ఆ మాటకి చాలా పైకి వెళ్లింది.

మన ఊళ్లో ఆ స్థాయి వేలం సంస్థ నాకు దొరకలేదు. బెంగళూరు, ముంబయి వైపు చూడాల్సిందే. నేను స్వయంగా రైల్లో తీసుకెళ్లి ఇస్తాను. వాళ్ల ఎదుటే తూకం వేయించి, రెండు వైపులా ఫొటో తీయించి, రసీదులో బరువు రాయించుకుంటాను. ఒప్పందంలో మూడు సంగతులు గట్టిగా అడగాలి: అమ్మేవాడి నుంచి కమిషన్ ఎంత, అమ్ముడుపోకపోతే ఏమైనా కట్టాలా, డబ్బు ఎన్ని రోజుల్లో వేస్తారు. కనీస ధర మీద ఆశపడి బాగా పెంచకండి. అమ్ముడుపోని నాణెం సంగతి అందరికీ తెలిసిపోతుంది, తర్వాతి పాటలో జనం వెనకాడతారు. నాకు నచ్చనిది డబ్బు ఆలస్యమే. ఒక సంస్థ చెప్పిన గడువు దాటాక కూడా పదేపదే ఫోన్ చేయించుకుంది. వేలానికి నేను ఐదుకి నాలుగు మార్కులే ఇవ్వడానికి కారణం అదే.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. సొంతంగా విదేశాలకు పంపకూడదు, గ్రేడింగ్ కోసమైనా సరే. వాటితో వ్యాపారం చేసేవాళ్లకి లైసెన్సు ఉండాలి, అడగండి. ఇక రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందుగా ఫీజు కట్టమనే ఫోన్లు వస్తే పెట్టేయండి. పాత నాణేలు తాము కొనమనీ, ఎవరి దగ్గరా కమిషన్ తీసుకోమనీ ఆ బ్యాంకే 2021లో ప్రకటించింది.

అమ్మే ముందు కుంకుడు రసంతోనో, చింతపండుతోనో తోమకండి, దయచేసి. మన సముద్రపు గాలికి వెండి నల్లబడుతుంది. ఆ నలుపుతోనే ఇవ్వండి. తోమిన నాణెం అని కేటలాగ్‌లో పడితే ధర సగానికి పడిపోవచ్చు.